300 లైకులు, 335 మంది, 8 డాలర్లు

ఒక్క కంపెనీ నుంచి ఒక్క దెబ్బకు పోయిన ఖాతాల లెక్క తీస్తే ఇప్పటికీ యాహూదే అగ్రపీఠం. 2013 ఆగస్టులో దొంగలు పడ్డారు. ఆ సంగతి కంపెనీ లోకానికి చెప్పింది 2016 డిసెంబరులో. పోయినవి వంద కోట్ల ఖాతాలని అప్పుడు ప్రకటించింది. మరో పది నెలలకు లెక్క సరిచేసి, వంద కాదు, మూడు వందల కోట్లు అంది. అంటే ఆనాడు యాహూలో ఉన్న ప్రతి ఖాతా అన్నమాట. ఈ మధ్యలో యాహూను కొనడానికి బేరం కుదుర్చుకున్న వెరైజన్ దొంగతనాల వార్తలు విని ధరలో 35 కోట్ల డాలర్లు తగ్గించింది. తర్వాత తేలిన మూడు వందల కోట్లతో భాగిస్తే ఖాతాకు పన్నెండు సెంట్లు కూడా పడదు. పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు, పాస్‌వర్డ్ తాలూకు సంకేతం అన్నీ కలిపి ఒక మనిషికి మార్కెట్ కట్టిన విలువ అది.

దొంగతనం లెక్కలు ఇలా ఆలస్యంగా పెరగడం యాహూ ఒక్కదానికే ఉన్న జబ్బు కాదు. 2012లో లింక్డ్‌ఇన్ నుంచి 65 లక్షల పాస్‌వర్డ్‌లు పోయాయన్నారు. నాలుగేళ్ల తర్వాత అవి అంగట్లో అమ్మకానికి వచ్చినప్పుడు చూస్తే 11 కోట్లు దాటాయి.

కోట్లు దాటాక ఏ అంకె అయినా మనసుకు ఒకేలా కనిపిస్తుంది. అందుకే ఈ రికార్డుల్లో పెద్ద అంకెల కన్నా వాటి పక్కన నక్కి ఉండే చిన్న అంకెల మీదే నా కన్ను. ఎన్ని కోట్ల మంది నష్టపోయారన్నది ఎవరైనా చెబుతారు. ఎంత చిన్న సందులోంచి అది జరిగిందన్నది అడిగి చూడాలి.

మొదటి పాస్‌వర్డ్, మొదటి దొంగ

కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ పెట్టడం అమెరికాలోని ఎంఐటీలో 1960ల మొదట్లో మొదలైంది. ఫెర్నాండో కోర్బాటో బృందం ఒకే యంత్రాన్ని చాలామంది పంచుకునే ఏర్పాటు చేసింది. ఎవరి ఫైళ్లు వారికి విడిగా ఉండాలి కనుక తలా ఒక పాస్‌వర్డ్ ఇచ్చింది. దొంగ పుట్టడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1962లో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి తన వంతుగా వారానికి కేటాయించిన గంటలు చాలలేదు. ఫైళ్లను కాగితం మీద అచ్చువేసి ఇమ్మని పంచ్ కార్డుతో అడిగే వీలుండేది. అతగాడు పాస్‌వర్డ్‌ల ఫైలు పేరు రాసి కార్డు పెట్టాడు. యంత్రం వినయంగా మొత్తం జాబితా అచ్చువేసి ఇచ్చింది. ఇతరుల ఖాతాల్లోకి వెళ్లి తన పని తాను చేసుకున్నాడు. చాలా ఏళ్లకు తనే ఆ సంగతి బయటపెట్టాడు.

అదే యంత్రంలో 1966లో ఇంకో వింత జరిగింది. లోపలికి రాగానే అందరికీ కనిపించే రోజువారీ సందేశం, పాస్‌వర్డ్‌ల ఫైలు ఒకదాని స్థానంలో ఒకటి పడ్డాయి. ఆ రోజు లాగిన్ అయిన ప్రతివాడికీ స్వాగత వచనంగా అందరి పాస్‌వర్డ్‌లూ దర్శనమిచ్చాయి. దీని వెనుక దొంగ లేడు. ఇద్దరు నిర్వాహకులు ఒకేసారి ఫైళ్లు దిద్దుతూ కూర్చోవడంతో వచ్చిన తికమక అది.

జనం పాస్‌వర్డ్‌లుగా ఏం పెట్టుకుంటారో పెద్ద ఎత్తున తెలిసింది మాత్రం 2009 డిసెంబరులో. మైస్పేస్, ఫేస్‌బుక్ పేజీలకు చిన్న చిన్న హంగులు తయారుచేసే రాక్‌యూ అనే కంపెనీ 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లను ఏ తాళమూ లేకుండా ఉన్నవి ఉన్నట్టు దాచుకుంది. అవి బయటపడ్డాక చూస్తే అందరికన్నా ముందున్నది 123456. రెండు లక్షల తొంభై వేల మంది దాన్నే నమ్ముకున్నారు. చదువురాని వాళ్లే ఇలా చేస్తారనుకోకండి. 2016లో మార్క్ జుకర్‌బర్గ్ ట్విటర్, పింటరెస్ట్ ఖాతాల్లోకి హ్యాకర్లు దూరినప్పుడు, వాటికి పాస్‌వర్డ్ ‘డాడాడా’ అని వాళ్లు చెప్పుకున్నట్టు వార్తలొచ్చాయి. పాత లింక్డ్‌ఇన్ దోపిడీలో పోయిన పాస్‌వర్డే ఇంకోచోట కూడా వాడినందుకు వచ్చిన చిక్కని అప్పట్లో అందరూ అనుకున్నారు.

భార్య కన్నా బాగా తెలిసినవాడు

2015 జనవరిలో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. 86 వేల మందికి పైగా వాలంటీర్లు తమ స్వభావం గురించి ప్రశ్నపత్రం నింపారు. తమ ఫేస్‌బుక్ లైకులను చూడనిచ్చారు. ఆ లైకులను బట్టి కంప్యూటర్ వాళ్ల స్వభావాన్ని అంచనా వేసింది. పది లైకులుంటే తోటి ఉద్యోగి కన్నా కంప్యూటర్ అంచనాయే మెరుగు. డెబ్బై ఉంటే స్నేహితుణ్ని, నూట యాభై ఉంటే కుటుంబ సభ్యుణ్ని మించిపోయింది. మూడు వందలు దాటితే జీవిత భాగస్వామి కూడా దాని వెనకే. ఏడడుగులు వేసి ఏళ్ల తరబడి కాపురం చేసినా తెలియని మన గుట్టు, సినిమా పాటలకూ ఆవకాయ ఫొటోలకూ కొట్టిన లైకుల్లో ఉందన్నమాట.

ఈ రకం లెక్కను రాజకీయాల్లోకి దించాలని చూసిందే కేంబ్రిడ్జ్ అనలిటికా అనే కంపెనీ. 2018లో గుట్టు రట్టయినప్పుడు మొత్తం 8.7 కోట్ల మంది సమాచారం పోయి ఉండొచ్చని ఫేస్‌బుక్ చెప్పింది. అందరూ ఆ అంకెనే పట్టుకున్నారు. నేను చూడమనేది మన దేశపు లెక్క. ఆ కంపెనీకి సమాచారం చేరవేసిన స్వభావ పరీక్ష యాప్‌ను మన దేశంలో తమ ఖాతాకు జోడించుకున్నది 335 మంది. వాళ్ల ద్వారా సమాచారం పోయి ఉండే అవకాశం ఉన్నది 5,62,455 మందికి. ఒక్కొక్కరి వెనక దాదాపు పదిహేడు వందల మంది. ఆనాటి ఫేస్‌బుక్ నిబంధనల ప్రకారం యాప్‌కు అనుమతిచ్చిన మనిషి తనదే కాదు, తన స్నేహితుల వివరాలు కూడా ఇచ్చేసినట్టే. ఆ అయిదున్నర లక్షల మందిని ఎవరూ ఒక్క మాట అడగలేదు. మనం ఎంత జాగ్రత్తగా ఉన్నా మన బావమరిది జాగ్రత్తగా లేకపోతే అంతే సంగతులు.

శిక్ష సంగతికొస్తే, ఆనాటి చట్టం కింద ఫేస్‌బుక్‌కు బ్రిటన్ వేయగల గరిష్ఠ జరిమానా 5 లక్షల పౌండ్లు. వేసింది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2019 జులైలో వేసిన 500 కోట్ల డాలర్లు మాత్రం ప్రైవసీ విషయంలో అప్పటిదాకా ఎన్నడూ లేనంత పెద్ద జరిమానా. గుండె గుభేల్మనాల్సిన మొత్తమే. కానీ అంతకుముందు సంవత్సరం ఫేస్‌బుక్ రాబడి 5,580 కోట్ల డాలర్లు. జరిమానా దాదాపు నెల రోజుల రాబడితో సమానం. ఆ మొత్తం ఖరారవుతోందని వార్త రాగానే కంపెనీ షేరు పడిపోలేదు, పెరిగింది.

ఐరోపాలో రికార్డు కూడా ఆ ఇంటిదే. 2023 మేలో ఐర్లండ్ నియంత్రణ సంస్థ ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటాకు 120 కోట్ల యూరోల జరిమానా వేసింది. ఐరోపా పౌరుల సమాచారాన్ని నిబంధనలకు విరుద్ధంగా అమెరికాకు తరలించడం అది చేసిన తప్పు. దీని వేరు వెతుక్కుంటూ వెళితే ఆస్ట్రియాకు చెందిన మాక్స్ ష్రెమ్స్ అనే న్యాయ విద్యార్థి దగ్గర తేలుతుంది. 2011లో ఆయన ‘నా గురించి మీ దగ్గర ఏముందో ఇవ్వండి’ అని ఫేస్‌బుక్‌ను అడిగాడు. 1,200కు పైగా పేజీలున్న సీడీ వచ్చింది. తను చెరిపేశాననుకున్న సందేశాలు కూడా అందులో ఉన్నాయి. ఆ తర్వాత ఆయన వేసిన కేసుల దెబ్బకు ఐరోపా, అమెరికాల మధ్య సమాచార ఒప్పందాలు రెండు, 2015లో ఒకటి, 2020లో ఒకటి, కొట్టుకుపోయాయి.

కుర్రాళ్ల రికార్డులు

2020 జులై 15న ఒబామా, బైడెన్, బిల్ గేట్స్, ఎలాన్ మస్క్, ఆపిల్ కంపెనీ, అందరూ ఒకే మాట ట్వీట్ చేశారు: బిట్‌కాయిన్ పంపండి, రెట్టింపు చేసి తిరిగిస్తాం అని. దొంగలు గురిపెట్టినవి 130 ఖాతాలు. వాటిలో 45 నుంచి ట్వీట్లు వెళ్లాయి. ఆపడానికి వేరే దారిలేక ట్విటర్ కాసేపు నీలి టిక్కు ఉన్న ఖాతాలన్నిటి నోరూ నొక్కింది. ఆ పూట ఇలినాయిలో వాతావరణ శాఖ కార్యాలయం సుడిగాలి హెచ్చరికను ట్వీట్ చేయలేకపోయింది. అసలు సూత్రధారి ఫ్లోరిడాలో ఉండే పదిహేడేళ్ల కుర్రాడు. గొప్ప సాఫ్ట్‌వేర్ ఏదీ రాయలేదు. ట్విటర్ ఉద్యోగులకు ఫోన్ చేసి, కంపెనీ కంప్యూటర్ విభాగం వాళ్లమని నమ్మించి లోపలి తలుపు తీయించుకున్నారు. అంత ఆర్భాటానికీ దక్కింది లక్షా 18 వేల డాలర్లు. ప్రపంచ నేతల గొంతులు చేతికొచ్చాక అడిగింది చిల్లర డబ్బులే కావడం అదృష్టమనే అనుకోవాలి.

ఎందుకంటే, ఒక్క ట్వీటు ఏం చేయగలదో అప్పటికే ఒకసారి చూశాం. 2013 ఏప్రిల్ 23న అసోసియేటెడ్ ప్రెస్ ఖాతా నుంచి ‘శ్వేతసౌధంలో రెండు పేలుళ్లు, ఒబామాకు గాయాలు’ అని దొంగ ట్వీటు పడింది. రెండు మూడు నిమిషాల్లో డౌ జోన్స్ సూచీ 140 పాయింట్లకు పైగా కూలింది. ఇంకో సూచీలో ఆవిరైన విలువ 13,600 కోట్ల డాలర్లని లెక్కగట్టారు. అబద్ధమని తెలిసి నిమిషాల్లోనే తేరుకుంది. ట్వీట్లు చదివి షేర్లు అమ్మేది మనుషులు కాదు, ప్రోగ్రాములు. వాటికి అనుమానం రాదు.

అతి చవకైన మారువేషం రికార్డు 8 డాలర్లది. 2022 నవంబరులో ట్విటర్ నెలకు ఎనిమిది డాలర్లు కట్టినవారికల్లా నీలి టిక్కు ఇవ్వడం మొదలుపెట్టింది. ఎవరో ఆ డబ్బు కట్టి ఎలై లిల్లీ మందుల కంపెనీ పేరు పెట్టుకుని ‘ఇన్సులిన్ ఇక ఉచితం’ అని ప్రకటించారు. అసలు కంపెనీ క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది: మందు ఉచితం కాదు, పొరబడకండి అని. మర్నాడు షేరు నాలుగు శాతానికి పైగా పడింది. దానికి ఇదొక్కటే కారణమని ఎవరూ గట్టిగా చెప్పలేరు గానీ, మందు ఉచితం కాదన్నందుకు సారీ చెప్పిన కంపెనీ చరిత్రలో ఇంకొకటి ఉండదు.

వీళ్లందరికీ అన్న శామీ కమ్కార్. పంతొమ్మిదేళ్లప్పుడు, 2005 అక్టోబరులో, మైస్పేస్‌లోని తన పేజీలో ఒక చిన్న కోడు దాచాడు. ఆ పేజీ చూసినవాళ్లు తమకు తెలియకుండానే అతనికి స్నేహితులైపోతారు. ‘శామీ నా హీరో’ అన్న మాట వాళ్ల పేజీలోకి చేరుతుంది. కోడు కూడా అక్కడికి అంటుకుంటుంది. ఇరవై గంటలు తిరక్కుండా పది లక్షల మంది స్నేహితులు. అంత వేగంగా పాకిన కంప్యూటర్ పురుగు అప్పటిదాకా లేదంటారు. సైటునే కాసేపు మూసేశారు. ఎవరి డబ్బూ కొట్టేయలేదు, కేవలం పాపులారిటీ. కోర్టు శిక్ష అనుభవించి ఇప్పుడు పేరున్న భద్రతా పరిశోధకుడయ్యాడు.

మరచిపొమ్మంటే గుర్తుండిపోయినవాళ్లు

2003లో గాయని, నటి బార్బ్రా స్ట్రైసాండ్ 5 కోట్ల డాలర్ల దావా వేసింది. కాలిఫోర్నియా తీరం కోతను రికార్డు చేయడానికి తీసి ఒక సైటులో పెట్టిన 12 వేల విమాన ఛాయాచిత్రాల్లో ఒకదానిలో తన ఇల్లు ఉందని, తీసేయాలని ఆమె కోరిక. దావాకు ముందు ఆ ఫొటోను దింపుకున్నది ఆరుసార్లు. అందులో రెండు ఆమె లాయర్లే. దావా వార్త పొక్కాక ఒక్క నెలలో ఆ సైటుకు వచ్చినవాళ్లు 4 లక్షల 20 వేలు. కేసు ఓడిపోయింది, అవతలివాళ్ల కోర్టు ఖర్చులూ కట్టింది. దాచబోయి దండోరా వేసుకోవడానికి ఇప్పుడు ప్రపంచమంతటా ఆమె పేరే పెట్టి పిలుస్తారు.

ఇంకొకాయన స్పెయిన్ దేశస్తుడు. 1998లో ఆయన ఆస్తి వేలం గురించి ఒక పత్రికలో చిన్న ప్రకటన పడింది. అప్పు ఎప్పుడో తీరిపోయింది. కానీ గూగుల్‌లో పేరు కొడితే మాత్రం వేలమే ముందు. కోర్టుకెక్కి 2014 మే 13న ఐరోపా న్యాయస్థానంలో గెలిచాడు. ‘మరచిపోయేలా చేసుకునే హక్కు’ అలా పుట్టింది. కోట్ల మందికి అది దక్కింది, ఆయనకు మాత్రం దక్కలేదు. ఆ వేలం సంగతి ఇప్పుడు న్యాయశాస్త్ర పుస్తకాల్లోకి ఎక్కింది. పేరు ఇక్కడ రాయకపోవడం నా వంతు సాయం.

రాజమండ్రి మాట గెలవడానికి 55 ఏళ్లు

మన దేశంలో ప్రైవసీకి దక్కిన అతి పెద్ద తీర్పు 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు నుంచి వచ్చింది. 547 పేజీలు, తొమ్మిది మంది న్యాయమూర్తులు, ఆరు వేర్వేరు అభిప్రాయాలు, అందరిదీ ఒకటే మాట: గోప్యత ప్రాథమిక హక్కు. తొమ్మిది మంది ఎందుకు కూర్చోవాల్సి వచ్చింది? 1954లో ఎనిమిది మంది ఇందుకు విరుద్ధంగా చెప్పి ఉన్నారు కనుక. ఎనిమిది మంది మాట కాదనాలంటే తొమ్మిదో కుర్చీ వేయాలి.

1962లో ఇంకో తీర్పు కూడా అడ్డుగా ఉంది. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే వ్యక్తిని ఒక దోపిడీ కేసులో సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు హిస్టరీ షీటు తెరిచి అర్ధరాత్రి తలుపు కొట్టడం, లేపి పలకరించడం, ఎక్కడికెళ్తే అక్కడ నిఘా పెట్టడం మొదలెట్టారు. సుప్రీంకోర్టులో ఆరుగురు విన్నారు. రాత్రిళ్లు ఇంటిమీదికి రావడం తప్పని అందరూ ఒప్పుకున్నారు. కానీ రాజ్యాంగంలో గోప్యత హక్కు లేదని నలుగురు తేల్చారు. కాదన్న ఇద్దరి తరఫునా రాసింది రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు. గుంటూరులో 1954లో మొదలైన ఆంధ్ర హైకోర్టుకు ఆయనే తొలి ప్రధాన న్యాయమూర్తి. సంకెళ్లు లేకపోయినా వెంట ఒక కన్ను తిరుగుతూ ఉంటే మనిషి స్వేచ్ఛగా తిరిగినట్టు కాదని ఆయన వాదన. ఇంటర్నెట్ పేరు కూడా పుట్టని రోజుల్లో, కానిస్టేబుల్ నిఘా గురించి రాసిన ఆ మాటలు ఈ నాటి ఫోన్లకు ఇంకా బాగా అతుకుతాయి.

ఆ మైనారిటీ అభిప్రాయమే 2017లో దేశపు చట్టమైంది. జస్టిస్ నారిమన్ దాన్ని మూడు మహా అసమ్మతి తీర్పుల్లో ఒకటిగా లెక్కించారు. ఆ తొమ్మిది మందిలో కృష్ణా జిల్లా పెదముత్తేవికి చెందిన జాస్తి చలమేశ్వర్ ఉన్నారు. తర్వాత 2023లో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చిన అబ్దుల్ నజీర్ కూడా ఉన్నారు. కేసు వేసిన పుట్టస్వామి కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి. రిటైరయ్యాక మన ఆంధ్రప్రదేశ్ బీసీ కమిషన్‌కు అధ్యక్షత వహించారు. పుట్టస్వామి కమిషన్ అనే పేరు పాత పత్రికలు చదివినవారికి గుర్తుండే ఉంటుంది. 2012లో ఆధార్ మీద కేసు వేసేనాటికి ఆయన వయసు 86. మనవలతో ఆడుకోవాల్సిన వయసులో ప్రపంచంలోకెల్లా పెద్ద వేలిముద్రల భాండాగారాన్ని కోర్టుకీడ్చారు. ఆధార్ నిలబడింది, కొన్ని కత్తిరింపులతో. హక్కూ నిలబడింది.

పరుగెత్తి పట్టుబడ్డ సైనికులు

వ్యాయామం చేసేవాళ్లు తమ పరుగును నమోదు చేసుకునే స్ట్రావా అనే యాప్ ఉంది. 2017 నవంబరులో అది వినియోగదారులందరి పరుగులనూ కలిపి ప్రపంచ పటం మీద వెలుగు గీతలుగా చూపించింది. ఎవరి పేరూ లేదు, ప్రమాదమేమీ లేదనుకున్నారు. 2018 జనవరిలో ఆస్ట్రేలియాకు చెందిన ఇరవై ఏళ్ల విద్యార్థి నేథన్ రూజర్ దాన్ని పరీక్షగా చూశాడు. సిరియా, అఫ్గానిస్థాన్ చీకటి ఎడారుల మధ్య చక్కటి చతురస్రాలు మెరుస్తున్నాయి. సైనికులు ఉదయాన్నే స్థావరం ప్రహరీ చుట్టూ పరుగెత్తిన గుర్తులవి.

ఫొటో కూడా ఇలాగే పట్టిస్తుంది. 2012 డిసెంబరులో పోలీసులకు దొరక్కుండా తిరుగుతున్న జాన్ మెకాఫీని కలిశామని గర్వంగా ఒక పత్రిక ఫొటో వేసింది. ఫొటో ఫైల్లోనే అక్షాంశ రేఖాంశాలున్నాయి. గ్వాటెమాలాలో ఉన్నాడని లోకానికి తెలిసిపోయింది. కంప్యూటర్లకు వైరస్ కాపలా పెట్టి కోట్లు గడించిన మనిషి ఆయన.

గుంటూరు నుంచి ఒక రికార్డు

2023 నవంబరులో రష్మిక మందన్న ముఖం వేరొక అమ్మాయి వీడియోకు అతికించిన క్లిప్ దేశమంతా తిరిగింది. డీప్‌ఫేక్ అనే మాట మన ఇళ్లలోకి వచ్చింది అప్పుడే. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు గుంటూరులో ఒక ఇంజినీరింగ్ కుర్రాణ్ని పట్టుకున్నారు. రష్మిక అభిమానుల పేజీ నడిపేవాడట. పగ లేదు, డబ్బు లేదు. పోలీసులు చెప్పిన కారణం ఫాలోవర్లు. రెండు వారాల్లో 90 వేల నుంచి లక్షా 8 వేలయ్యారట. అదే సంవత్సరం అక్టోబరులో కేంద్ర హోంశాఖ సైబర్ నేరాల విభాగం రష్మికను సైబర్ భద్రతకు జాతీయ రాయబారిగా నియమించింది. ఆ విభాగమే నడిపే 1930 నంబరుకు డబ్బు పోయిన మొదటి గంటలోనే ఫోన్ చేస్తే, ఖాతాలు దాటకముందే ఆపే అవకాశం ఎక్కువ. 2024లో సైబర్ మోసాల్లో మనవాళ్లు పోగొట్టుకున్నది 22,845 కోట్ల రూపాయలు. అంతకుముందు ఏడాది 7,465 కోట్లే.

వయసు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సోషల్ మీడియాకు 13 ఏళ్లు నిండాలనే నియమం 1998 నాటి అమెరికా చట్టం నుంచి ప్రపంచమంతా పాకింది. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్ల లోపువారికి ఖాతాలే వద్దంది. అలా చేసిన మొదటి దేశం అదే. మన 2023 డేటా రక్షణ చట్టంలో మాత్రం 18 నిండేదాకా పిల్లలే, తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ఓటీపీ ఎలా కొట్టాలో అమ్మానాన్నలకు నేర్పేది ఆ పిల్లలే అన్న సంగతి చట్టం పట్టించుకోలేదు.

ఎవరూ చదవని సాహిత్యం

ప్రపంచంలో అత్యధిక ప్రతులు చేరి, అతి తక్కువ మంది చదివిన రచన ఏది అంటే ‘నియమ నిబంధనలు’ అనే చెప్పాలి. 2016 మేలో నార్వే వినియోగదారుల మండలి 33 యాప్‌ల నిబంధనలను గట్టిగా, ఆపకుండా చదివించి ప్రసారం చేసింది. దాదాపు 32 గంటలు పట్టింది. 2017లో బ్రిటన్‌లో పర్పుల్ అనే వైఫై కంపెనీ తన నిబంధనల్లో వెయ్యి గంటల సమాజ సేవ చేర్చింది. మరుగుదొడ్లు కడగడం, వీధి పిల్లులను కౌగిలించుకోవడం, నత్త చిప్పలకు రంగులు వేయడం లాంటివి. రెండు వారాల్లో 22 వేల మంది ఒప్పుకున్నారు. కనిపెట్టి అడిగినది ఒక్కరు.

అంతకుముందే, 2010 ఏప్రిల్ ఒకటిన, గేమ్‌స్టేషన్ అనే బ్రిటిష్ దుకాణం ఆన్‌లైన్ నిబంధనల్లో ఒక వాక్యం కలిపింది: కొనుగోలుదారు తన అమర ఆత్మపై హక్కును కంపెనీకి రాసిస్తున్నాడని. వద్దనుకుంటే ఒక గడి నొక్కే వీలుంది. నొక్కినవారికి అయిదు పౌండ్ల కూపను కూడా. ఏడున్నర వేల మంది నొక్కకుండా ఆత్మలు అమ్ముకున్నారు. ఆ హక్కును తాము వాడుకోబోమని, రద్దు చేస్తున్నట్టు అందరికీ మెయిల్ పంపుతామని కంపెనీ తర్వాత చెప్పింది. ఆ మెయిల్‌ను వాళ్లలో ఎంతమంది చదివి ఉంటారో మరి.